గుమ్నామ్ బట్లర్ మనింటివాడే



బాసీ ఈద్ రోజు మా ఇంట్లో జరిగిన ఒక చిన్న వాకియాతో మొదలుపెడతాను. చిన్నదే. కానీ అప్పట్నుంచి గొంతులో చేపముల్లులా అడ్డం పడి ఉంది.

మధ్యాహ్నం బిర్యానీ అయ్యాక పిల్లలంతా హాల్లో చేరారు. ఇంటర్ చదివే మావాడు, వాడి ఖాలా పిల్లలు, మామూ పిల్లలు, ఈద్ ముబారక్ చెప్పడానికొచ్చిన కాలేజీ ఫ్రెండ్ ఒకడు. ఈ కాలం పిల్లలకు కొత్త రకం ఖూనీ సినిమాల పిచ్చి పట్టింది కదా. ఒక పెద్ద ఇల్లు, అందులో కొందరు డబ్బున్నవాళ్లు, బయట తుఫాను, ఒక్కొక్కరే చస్తుంటారు. కాసేపు ఖౌఫ్, కాసేపు నవ్వు. 2022లో వచ్చిన 'బాడీస్ బాడీస్ బాడీస్' అనే ఇంగ్లీషు సినిమా గురించి మావాడు తెగ చెబుతున్నాడు. "అందులో ఒక్కడు కూడా నచ్చడు అబ్బా, అందరూ చిరాకు మనుషులే, అదే మజా" అన్నాడు. ఇదేదో తన తరమే కనిపెట్టినట్టు మాట్లాడుతుంటే నాకు జిద్ వచ్చింది. "మీ దాదా కాలంలోనే వచ్చింది రా ఇది" అని 'గుమ్నామ్' పెట్టాను. ఖసూర్ నాదే.

సినిమా నడుస్తోంది. బట్లర్ వేషంలో మెహమూద్ వచ్చాడు. నోరు తెరిచాడు. హాలు హాలంతా నవ్వు. ఆ నవ్వు విని వంటింట్లోంచి మా అమ్మీ తలుపు దగ్గరికి వచ్చింది. "కైకు హస్‌రైఁ రే పోట్టే? చాయ్ ఠండీ హోజారీ, ఆకో పీలేవ్" అంది.

ఒక్క సెకను అందరూ నిశ్శబ్దం. తర్వాత ఎవడో "సేమ్ టు సేమ్ బట్లర్" అన్నాడు. అంతే, ఇందాకటి నవ్వే మళ్లీ. అదే పొడుగు, అదే శ్రుతి. మావాడూ నవ్వాడు. అమ్మీ కూడా ఒక చిరునవ్వు నవ్వి లోపలికి వెళ్లిపోయింది.

ఈ మాట చెప్తే మా దోస్తులు కొందరు "అరె, పిల్లలు జనాబ్, మజాక్ చేశారు" అన్నారు. మజాకే. ఆ మజాక్ ఎక్కడ్నుంచి వచ్చిందో చూద్దామనే కూర్చున్నాను.

గుమ్నామ్ 1965 సినిమా. రాజా నవాథే తీశాడు. మనోజ్ కుమార్, నందా, ప్రాణ్, హెలెన్, మదన్ పురి, తరుణ్ బోస్, ధుమాల్. శంకర్ జైకిషన్ సంగీతం. ఒక నైట్‌క్లబ్బులో లక్కీ డ్రా తగిలి కొందరు విమానంలో షికారుకు బయల్దేరతారు. ఎవరూ లేని ఒక చోట విమానం దిగుతుంది, వీళ్లను అక్కడే వదిలి ఎగిరిపోతుంది. నడిచి నడిచి ఒక పాత హవేలీ చేరతారు. అక్కడ వీళ్ల కోసమే ఎదురుచూస్తున్నట్టు ఒక బట్లర్. రాత్రయితే ఎక్కడో లతాజీ గొంతులో ఒక పాట. ఒక్కొక్కరే మక్తూల్ అవుతుంటారు. ఖాతిల్ ఎవరో చెప్పను, చూడనివాళ్లు ఉంటారు.

ఇక ఆ మేహ్మాన్లను చూడండి. ప్రాణ్ బారిస్టర్. తాగుబోతు, ఆడవాళ్లను చూస్తే ఆగడు. మిగతావాళ్లలో ప్రతి ఒక్కడికీ వెనక ఏదో ఒక గునాహ్ ఉన్నట్టే కనిపిస్తుంది. హీరో హీరోయిన్లను పక్కన పెడితే మన ఇంటికి దావత్‌కు పిలవదగ్గ మనిషి వాళ్లలో ఒక్కడు లేడు. ఈ తరహా కథలకు అది జరూరీ కూడా. చచ్చేవాడి మీద మనకు జాలి కలిగితే ఖూనీ ఆట సాగదు, ఏడుపు మొదలవుతుంది. కాబట్టి చచ్చేవాళ్లను ముందే నచ్చకుండా తయారు చేస్తారు. అప్పుడు మనం పాప్‌కార్న్ తింటూ లెక్కపెట్టుకోవచ్చు.

ఇంతమంది బద్మాషుల మధ్య మనం నవ్వేది ఎవర్ని చూసి? ప్రాణ్‌ని చూసి కాదు. వాడు సూటు వేసుకుని షుస్తా జబాన్ మాట్లాడతాడు, తలఫ్ఫుజ్‌లో ఒక్క తప్పు దొర్లదు. వాడి నీచత్వం చూసి భయపడతాం, మనసులో ఎక్కడో దానికి ఒక రోబ్ కూడా ఇస్తాం. నవ్వేది లుంగీ కట్టుకుని వీళ్లందరికీ వండి పెట్టే మనిషిని చూసి. వాడు 'హౌ' అన్నాడని, 'నక్కో' అన్నాడని. ఖూనీ జరిగిన ప్రతిసారీ అందరి అనుమానం కూడా ముందు వాడి మీదికే పోతుంది చూడండి. సేఠ్‌లు సేఠ్‌లను చంపుకుంటుంటే జవాబు చెప్పాల్సింది బావర్చీ.

గుమ్నామ్ అంటే పేరు లేనివాడు. సినిమాలో ఆ పేరు ఖాతిల్‌కు పెట్టామనుకున్నారు. కానీ ప్రాణ్‌కు పేరుంది, హెలెన్‌కు పేరుంది, చచ్చినవాళ్లకూ పేర్లున్నాయి. మెహమూద్‌ను బట్లర్ అనే పిలుస్తారు.

ఈ కథ అసలు అగాథా క్రిస్టీది. 1939 నవల, ఇప్పుడు 'ఆండ్ దెన్ దేర్ వర్ నన్' అనే పేరుతో దొరుకుతుంది. ఇంగ్లండులో మొదట అచ్చయినప్పుడు పేరు వేరు. నల్లవాళ్లను తిట్టే గాలీ ఆ పేరులోనే ఉండేది. అమెరికాలో అమ్మడానికి జంకి మార్చారు, ఇంగ్లండులో మాత్రం దశాబ్దాల పాటు ఆ పేరుతోనే నడిచింది. ఆ నవలలోనూ బట్లర్ ఉన్నాడు. కానీ అక్కడ వాడూ ఒక గునాహ్ చేసి దాచుకున్న మనిషే, మిగతా పెద్దమనుషుల్లాగే వాడూ హతమవుతాడు. క్రిస్టీ అమ్మగారికి నల్లవాళ్ల మీద ఇజ్జత్ ఉందని నేను చెప్పను గానీ, నౌకర్‌ను కనీసం గునాహ్ చేయగల మనిషిగా లెక్కేసింది. మన బంబయి వాళ్లు ఆ నవలను తెచ్చుకుని బట్లర్‌ను ఏం చేశారు? నల్లగా ఉన్నాడని ఒక జోక్, వాడి లెహ్‌జా మీద ఒక జోక్. ఆ నలుపు మీద రఫీసాబ్ పాడిన పాట మీకందరికీ నోటికొచ్చు, రాయక్కర్లేదు. మన శాదీల్లో బ్యాండువాళ్లు వాయిస్తారు. పెళ్లిచూపుల్లో అమ్మాయి రంగు తక్కువైందని జోడా డబ్బులు పెంచి అడిగే ఇళ్లల్లో కూడా ఆ పాటకు దుల్హాభాయి డ్యాన్సు చేస్తాడు. పాట పూర్తిగా చూశారా ఎప్పుడైనా? అదంతా ఖ్వాబ్. ఆ నల్ల నౌకర్ హెలెన్‌తో చిందేయడం ఖ్వాబ్‌లో తప్ప కుదరదని సినిమాకు ముందే తెలుసు.

మెహమూద్ మీద నాకు నారాజీ లేదు. గొప్ప ఆర్టిస్టు. బంబయి మనిషి, మన హైదరాబాదీ కాదు. అయినా మన లెహ్‌జాను అంత బాగా పట్టాడంటే చెవి ఎంత తేజ్ అయి ఉండాలి! అదే 1965లో 'భూత్ బంగ్లా' అని ఇంకో దయ్యాల, ఖూనీల, నవ్వుల సినిమా స్వయంగా డైరెక్ట్ చేశాడు. ఆర్.డి. బర్మన్ అందులో వేషం కూడా వేశాడు. తర్వాత 1968లో 'పడోసన్'. అక్కడ మద్రాసు మాస్టారు. లెహ్‌జా మారింది, పని మారలేదు. దక్ఖన్ నుంచి ఎవడొచ్చినా నవ్వించి పోవాలి. ఉత్తరాది హీరోకు మాత్రం లెహ్‌జా ఉండదు. అసలు లెహ్‌జా లేని మనిషి దునియాలో ఉంటాడా? తన లెహ్‌జాకు గొట్టం, మైకు ఉన్నవాడు దాన్ని జబాన్ అంటాడు, ఎదుటివాడిదాన్ని లెహ్‌జా అంటాడు.

"ఆ సినిమా వల్లే కదా మన దక్కనీ హిందుస్తాన్ అంతా మషూర్ అయింది" అంటారు మన హైదరాబాదీ భాయీలు. ఫఖ్ర్‌గా అంటారు. నేనూ ఒకప్పుడు అన్నాను. మషూర్ అయింది, నిజం. ఢిల్లీలో, లక్నోలో నేను హైదరాబాద్ నుంచి వచ్చానని చెప్పగానే ఎదుటివాడు చేసే మొదటి పని 'హౌ మియాఁ' అనడం. నాలుగు మాటలు వాడి నోటితో అలా అనేసి, తర్వాత నన్ను చూసి నవ్వుతాడు, నేనూ నవ్వుతానని. నవ్వుతాను కూడా. ఏం చేయను?

ఈ మషూరీ ఖరీదు ఎంతో నాకు మా బడిలో తెలిసింది.

నేను ఉర్దూ మీడియం. రాయలసీమలో ఒక మామూలు ప్రభుత్వ బడి, పేరెందుకు. ఆరో క్లాసులో ఒక ఉస్తాద్ ఉండేవారు. మంచి మనిషే, ఫీజు కట్టలేని పిల్లలకు తన జేబులోంచి ఇచ్చేవారు. కానీ క్లాసులో 'మేరేకు' అన్నామంటే బెత్తం. 'ముఝే' అనాలి. 'నక్కో' అంటే రెండు దెబ్బలు. 'హౌ' అంటే బయట నిలబడాలి. "గుమ్నామ్ కా బట్లర్ హై క్యా తూ?" అనేవారు, క్లాసంతా నవ్వేది. నేను ఒకరోజు ఏడుస్తూ అమ్మీతో చెప్పాను. అమ్మీ "ఉస్తాద్ బోలేతో సచ్చీచ్ రహతా" అంది. ఆ వాక్యంలో కూడా రెండు తప్పులున్నాయని నాకు అప్పటికే తెలుసు. అదే అసలు దెబ్బ. పదకొండేళ్లకు నేను మా అమ్మీ మాటల్లో తప్పులు లెక్కపెట్టడం నేర్చుకున్నాను.

తర్వాత తెలుగులో డిగ్రీ చేశాను. ఖాన్దాన్‌లో అందరూ విచిత్రంగా చూశారు, అది వేరే కథ. రెండో సంవత్సరం వ్యాకరణం క్లాసు. 'అని' అనే మాట గురించి చెబుతున్నారు. "రేపు వస్తానని చెప్పాడు", "వాన వస్తుందని గొడుగు తెచ్చాను". ఇలా ముందు మాటంతా చెప్పేసి చివర 'అని' తగిలించడం ద్రావిడ భాషల పద్ధతి అన్నారు. నాకు ఒళ్లు ఝల్లుమంది. అమ్మీ ఏమంటుంది? "కల్ ఆతూఁ బోల్కే బోల్యా." "బారిష్ ఆతీ బోల్కే ఛత్రీ లాయా." ఆ 'బోల్కే' మన 'అని'. అచ్చంగా అదే చోట, అదే పని. కితాబీ ఉర్దూలో అయితే "ఉస్నే కహా కె" అని 'కె' ముందొస్తుంది. మా అమ్మీ ఉర్దూ మాటలతో తెలుగు వాక్యం కడుతోంది!

ఆ రాత్రి హాస్టల్లో కూర్చుని ఇంకా వెతికాను. 'ఎవరో వచ్చారు' అంటాం, అమ్మీ 'కౌన్‌కీ ఆయే' అంటుంది. 'అన్నం గిన్నం' అంటాం, 'ఖానా గీనా' అంటుంది. ఉత్తరాదిలో అది 'ఖానా వానా'. 'నక్కో', ఆ చివర వత్తే 'చ్' మరాఠీ నుంచి వచ్చాయి. 'బాతాఁ', 'లోగాఁ' అని బహువచనం చేయడం చూసి నవ్వుతారే, అది గోల్కొండ దర్బారులో చెల్లిన బహువచనం. ముహమ్మద్ కులీ కుతుబ్ షా ఆ జబాన్‌లోనే దీవాన్ రాశాడు. ముల్లా వజ్హీ 1635లో ఆ జబాన్‌లోనే 'సబ్‌రస్' అనే నస్ర్ కితాబు రాశాడు. అప్పటికి ఢిల్లీలో షాయర్లు ఫార్సీలో రాసుకుంటున్నారు. దక్కన్ నుంచి వలీ వెళ్లి వినిపించాకే ఇంటి జబాన్‌లో కూడా గజల్ రాయొచ్చని వాళ్లకు నమ్మకం కుదిరింది. 1700 ప్రాంతం సంగతి అది.

అంటే గుమ్నామ్‌లో బట్లర్ మాట్లాడే వ్యాకరణం బారిస్టర్ మాట్లాడేదాని కంటే వయసులో పెద్దది. బారిస్టర్ లేచి నిలబడి సలాం చేయాలి.

ఉస్తాద్‌కు ఇది తెలియదా? తెలుసు. కులీ కుతుబ్ షా ఆయన సిలబస్‌లోనే ఉన్నాడు. అది అదబ్, నువ్వు మాట్లాడేది బద్తమీజీ. నాలుగు వందల ఏళ్ల కింద చచ్చిపోయినవాడు 'నక్కో' అంటే పీహెచ్‌డీ, నిన్న పుట్టినవాడు అంటే బెత్తం. మెహమూద్ ఒక్కడే మన జబాన్‌ను నవ్వులపాలు చేయలేదు భాయియో. ఆ సినిమా మన ఊరికి వచ్చేనాటికే మన బడులు, మన 'షరీఫ్' ఖాన్దాన్లు హాలు సిద్ధం చేసి పెట్టాయి. దీవాన్‌ఖానాలో ఒక జబాన్, బావర్చీఖానాలో ఒక జబాన్. మర్దానాలో 'ఆప్ తష్రీఫ్ లాయియే', జనానాలో 'ఆకో బైఠో'. బావర్చీఖానా జబాన్‌ను తెర మీద నౌకర్ నోట్లో పెడితే మనకు వింతగా ఏమీ తోచలేదు, మన ఇంటి నక్షా అదే కాబట్టి.

ఇంకో మాట కూడా అనాలి, ఇది కొందరికి కారంగా ఉంటుంది. మనలో దక్కనీ కూడా ఇంటి భాషగా లేనివాళ్లు లక్షల్లో ఉన్నారు. దూదేకుల ఇళ్లు, కోస్తాలో ఎన్నో ఇళ్లు. పుట్టినప్పట్నుంచీ తెలుగే. వాళ్లను మనం ఏమన్నాం? "ఉర్దూ రాని తురకోళ్లు" అన్నాం. రిష్తా కలుపుకోవడానికి వెనకాడాం. మనల్ని ఢిల్లీవాడు చూసి నవ్విన నవ్వును మనం కర్నూలు నుంచి మోసుకెళ్లి గుంటూరులో దించాం. ఒక దూదేకుల దోస్తు నాతో అన్నాడు, "మీకు బట్లర్ వేషమైనా దొరికింది అన్నా, మాకు అది కూడా లేదు" అని. నవ్వుతూనే అన్నాడు.

తెలుగు సినిమా సంగతి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది. మాకీ, మీకీ, నిమ్కీ అంటూ తెలుగును విరగ్గొట్టే సాయిబు ఏ ఊళ్లో ఉన్నాడో నేను ఇన్నేళ్ల జర్నలిజంలో వెతుకుతూనే ఉన్నాను, దొరకలేదు. రాయలసీమ సాయిబు రాయలసీమ తెలుగే మాట్లాడతాడు, గోదావరి సాయిబు గోదావరి తెలుగే. అది రైటర్ల బుర్రలో పుట్టిన సాయిబు. దయ్యాల సినిమాల్లో అయితే నెమలీకల కట్టతో ఒక ఫకీరు తప్పనిసరి. 'అరుంధతి'లో సాయాజీ షిండే వేసిన అన్వర్ ఫకీరు వాళ్లందరిలో నయం, చివరికి ఒక మనిషిగా నిలబడతాడు. నేను పనిచేసిన ఒక పత్రికలో రంజాన్ ప్రత్యేక పేజీకి "నీ భాషలో ఏదైనా తమాషాగా రాయవయ్యా" అన్నాడు ఒక సీనియర్. జకాత్ మీద రాసుకొచ్చాను. "తమాషా ఏదీ?" అన్నాడు.

"అయితే ఇక నవ్వొద్దంటారా? మన మీద మనం నవ్వుకుంటే తప్పా?" అని ఒక ప్రశ్న వస్తుంది. మంచి ప్రశ్న. దక్కనీలో నవ్వు ఎంత ఉందో లెక్కలేదు. గుల్బర్గా సులేమాన్ ఖతీబ్ సాబ్ మిజాహియా నజ్మ్‌లు మీ ఇళ్లల్లో పెద్దవాళ్లకు తెలుసు. కోడలిని చూడ్డానికి వచ్చిన పెళ్లికొడుకు తల్లి మాటలు ఆయన దక్కనీలో వినిపిస్తుంటే జనం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. తర్వాత పిల్ల తండ్రి గొంతు వచ్చేసరికి అదే జనం గమ్మున అయిపోయేవాళ్లు. అదే జబాన్, ఒకే నజ్మ్‌లో నవ్వూ ఏడుపూ రెండూ. అక్కడ నవ్వుతున్నది జోడా అడిగే అత్తను చూసి. ఆమె 'కైకు' అన్నందుకు కాదు. నా ఝగ్డా అంతా ఈ తేడా గురించే.

ఈ తేడా తెలిసిన సినిమావాళ్లు ఉన్నారు. శ్యామ్ బెనెగల్ 1974లో తీసిన 'అంకుర్' చూడండి. మన తెలంగాణ పల్లె, షబానా ఆజ్మీ లక్ష్మిగా. ఆమె మాట్లాడేది బట్లర్ జబానే. చివర్లో తన మూగ భర్తను దొర కొరడాతో కొట్టినప్పుడు లక్ష్మి ఆ దొర ఇంటి ముందు నిలబడి శాపనార్థాలు పెడుతుంది. ఆ లెహ్‌జా విని నవ్వేవాడుంటే వాడికి దిల్ లేదని అర్థం. 1982లో సాగర్ సర్హదీ 'బాజార్' వచ్చింది. బాహర్ దేశం నుంచి వచ్చిన ముసలివాడికి హైదరాబాదీ పిల్లను నికా పేరుతో అమ్మేసే కథ. ఆ గలీల జబాన్ అందులో కన్నీళ్లు పెట్టింది. చూసిన మనలో ఎంతమంది పిల్లలకు చూపించాం? గుమ్నామ్ క్లిప్పులు మాత్రం ప్రతి ఫ్యామిలీ గ్రూపులో తిరుగుతాయి.

ఖూనీ సినిమాల్లోనే కావాలన్నా మిసాల్ ఉంది. 2019లో రయన్ జాన్సన్ తీసిన 'నైవ్స్ ఔట్'. అక్కడా ఒక పెద్ద హవేలీ, ముసలాయన మౌత్, ఆస్తి కోసం కొట్టుకునే ఖాన్దాన్, అందులో అందరూ చిరాకు మనుషులే. ఇంట్లో పనిచేసే నర్సు మార్తా ఒక్కతే మంచిది. పరదేశం నుంచి వచ్చినవాళ్ల పిల్ల. "నువ్వు మా ఇంటి మనిషివి" అని అందరూ ఆమెతో అంటారు, కానీ ఏ దేశం పిల్ల అంటే ఒక్కొక్కడూ ఒక్కో దేశం పేరు చెబుతాడు. హాల్లో నవ్వు వస్తుంది. ఎవర్ని చూసి? ఆ దొరలను చూసి, వాళ్ల జాహిల్‌తనం చూసి. మార్తా లెహ్‌జా మీద సినిమా ఒక్క జోక్ వేయదు. చూశారా, మేహ్మాన్లు చెడ్డవాళ్లయితే వాళ్లను చూసే నవ్వొచ్చు. కుదురుతుంది. 1965లో కూడా కుదిరేదే, ఎవరికీ అవసరం అనిపించలేదు అంతే.

మన దక్కనీ సినిమాలు అనుకుంటారేమో. 'ది అంగ్రేజ్' వచ్చింది, 2006లో 'హైదరాబాద్ నవాబ్స్'. నేనూ పడీ పడీ నవ్వాను, ఝూట్ చెప్పను. ఇస్మాయిల్ భాయ్ మాటలు ఇప్పటికీ మా ఆఫీసులో నడుస్తాయి. అందులో అమెరికా నుంచి వచ్చిన దొరబాబులను కూడా బాగా ఆటపట్టించారు, షుక్రియా. కానీ ఆ తర్వాత? దక్కనీ సినిమా అంటే గల్లీ కామెడీ అనే ముద్ర పడిపోయింది. ఆ జబాన్‌లో ఒక అమ్మ జనాజా దగ్గర ఏడ్చే సీను, ఒక కుర్రాడు ప్రేమ చెప్పే సీను, ఒక ముసలాయన నమాజు తర్వాత దువా చేసే సీను ఎందుకు రావు? మన ఇళ్లల్లో అవన్నీ ఆ జబాన్‌లోనే జరుగుతున్నాయి కదా. అల్లా మన దువాలను లెహ్‌జా చూసి ఖుబూల్ చేస్తాడా?

ఉర్దూ మీడియం ఉస్తాద్‌లకు, ఉస్తానీలకు ఒక గుజారిష్. కితాబీ ఉర్దూ నేర్పండి, గట్టిగా నేర్పండి. అది మన దౌలత్, పిల్లలకు రావాలి. తలఫ్ఫుజ్ కూడా దిద్దండి. కానీ వారానికి ఒక్క పేజీ ఇంటి జబాన్‌లో రాయించండి. తెలుగే ఇంటి జబాన్ అయితే తెలుగులో. అమ్మ ఎలా అంటుందో అలాగే. తప్పులు దిద్దకండి ఆ పేజీలో. దయచేసి బట్లర్ పేరు ఎత్తకండి.

ఆ రాత్రి పిల్లలంతా పడుకున్నాక అమ్మీ పక్కన కూర్చున్నాను. మధ్యాహ్నం సంగతి ఎత్తాలంటే నాకు షరమ్. ఆమే ఎత్తింది. ఆ సినిమా తనూ చూసిందట. నికా అయిన కొత్తలో మా ఊరి టాకీసుకు మళ్లీ వస్తే అబ్బా తీసుకెళ్లారట. బుర్ఖా మీద బుర్ఖా కప్పి, పక్క గేటులోంచి. మెహమూద్ నోరు తెరవగానే హాలంతా ఈలలట.

"తుమ్ భీ హస్యే క్యా అమ్మీ?" అన్నాను.

"హౌ. హమారా ఆద్మీ ఆయా బోల్కే హస్యే" అంది.

మన మనిషి తెర మీదికి వచ్చాడని నవ్వారట. నేను ఇక్కడ రాసిందంతా ఆ ఒక్క మాట ముందు కాస్త తడబడుతుంది, ఒప్పుకుంటాను. ఆ హాల్లో వాళ్ల నవ్వు ఖుషీ నవ్వు. బంబయి అంత దూరం నుంచి ఎవడో తమ మాట మాట్లాడాడని. మా హాల్లో పిల్లల నవ్వు అది కాదు. అదే సినిమా, అదే సీను, మధ్యలో యాభై ఏళ్లు, కొన్ని వేల బెత్తం దెబ్బలు.

మావాడితో మర్నాడు మాట్లాడాను. వాడు తల దించుకుని "దాదీని అనలేదు అబ్బా" అన్నాడు. నిజమే, అనలేదు. నేను కూడా పదకొండేళ్లప్పుడు ఆమెను ఏమీ అనలేదు.

మొన్న ఆదివారం ఆ ఫ్రెండ్ మళ్లీ వచ్చాడు. ఎప్పుడూ పిల్లలెవరొచ్చినా ముందు అమ్మీ గొంతే వినిపిస్తుంది, తిన్నారా తాగారా అని. ఆ రోజు వంటింట్లోంచి రాలేదు. నేను వెళ్లి "ఆవో అమ్మీ, బాహర్ బైఠేంగే" అన్నాను.

"నక్కో" అంది, వెనక్కి తిరక్కుండానే.